నఫాదీ ఎడమకన్ను

మా తమ్ముడు నఫాదీ సంతకు వెళ్తూ మహ్రాన్ల వీధిలో ఫహీమా గడప దగ్గరికి రాగానే అరచెయ్యి ఎత్తి ఎడమకన్ను మూసి పట్టుకుంటాడు. గడప దాటాక చెయ్యి దించుతాడు. చెరకు ఫ్యాక్టరీకి బయటి ఊళ్ళ నుంచి వచ్చే డ్రైవర్లు అది చూసి నవ్వుతారు. టీ కొట్టు దగ్గర కూర్చునే పనిలేని వెధవలు వాళ్ళకి తోచిన కథ చెబుతారు. ఒకడు దిష్టి అంటాడు, ఒకడు మొక్కు అంటాడు. నేను ఆ దారిన పోతూ విన్నానంటే వాళ్ళు తాగే టీ గొంతులో అడ్డం పడేలా తిడతాను. వాడిని చంకనెత్తుకుని పెంచింది నేను. వాడి తల తెరిచిన రోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నది నేను. వాడు కఫన్ గుడ్డ పట్టుకుని నడిచిన రోజు మిద్దె మీంచి చూసింది కూడా నేనే. కాబట్టి ఈ కథ చెబితే నేనే చెప్పాలి.

నా పేరు దహబ్. మాది గానిమ్ వంశం. కెనాకు దిగువన, నైలు తూర్పు గట్టున, ఊరి చుట్టూ చెరకే. మా అమ్మ పోయేనాటికి నఫాదీకి నడక కూడా సరిగా రాదు. నేను పెట్టింది తిని, నేను తిట్టింది పడి పెరిగాడు. నోట్లో నాలుక లేని మనిషి. గాడిదని కూడా గట్టిగా అదిలించడు. చెరకు నరికే రోజుల్లో నరికి, మోపులు కట్టి, ఫ్యాక్టరీకి వెళ్ళే చిన్న రైలుపెట్టెల్లోకి ఎక్కించేవాడు. ఎవరింట్లో పెళ్ళయినా కర్రసాము ఆడేవాడు.

వాడు మనిషిగా తలెత్తుకుని నిలబడింది ఆ కర్రసాములోనే. మా దగ్గర కర్రసాము కొట్లాట కాదు. ఎదుటివాడి తల కాపు తప్పించి, కర్రని వాడి నెత్తికి వేలెడు దూరంలో ఆపాలి. ఆపగలిగినవాడే గెలిచినట్టు. తగిలించినవాడు మొరటోడు, వాడికి మళ్ళీ పిలుపు రాదు. నఫాదీ కర్ర గాలిని కోసుకుంటూ వచ్చి, పక్షి వాలినట్టు ఆగేది. డోలు వాయించేవాళ్ళే ఒక్క క్షణం వాయించడం మరిచిపోయి చూసేవాళ్ళు.

ముప్పై దాటాక వాడి ఎడమకన్ను అదరడం మొదలైంది. మొదట కింది రెప్ప మాత్రమే, లోపల ఈగ చిక్కుకున్నట్టు. తర్వాత బుగ్గ, ఆ తర్వాత పెదవి కొస. చివరికి ఎడమవైపు ముఖమంతా ఒక్కసారిగా బిగుసుకుని కన్ను టక్కున మూసుకుపోయేది, మళ్ళీ తెరుచుకునేది. భయపడితే ఎక్కువ, సిగ్గుపడితే మరీ ఎక్కువ. వాడికేమో ఆడవాళ్ళని చూస్తేనే సిగ్గు. ఇంకేం కావాలి? కాలవ గట్టున గిన్నెలు తోముకునే ఆడవాళ్ళ ముందు నుంచి వెళ్తే కన్ను కొట్టుకుంటూనే వెళ్ళేవాడు. నిశ్చితార్థమైన పిల్ల తండ్రి ఉంగరం తిప్పి పంపాడు. "మీ తమ్ముడు నా భార్యకే కన్ను కొట్టాడు, ఇంక నా కూతుర్నేం ఏలతాడు" అని నా గుమ్మంలో నిలబడి అరిచాడు.

వాత పెట్టే ముసలాడి దగ్గరికి తీసుకెళ్ళాను. మా ఊళ్ళో ముందు వెళ్ళేది అక్కడికే. ముసలాడు ఇనుపకడ్డీ నిప్పుల్లో ఎర్రగా కాల్చాడు. నేను నఫాదీ తలని నా మోకాళ్ళ మధ్య నొక్కి పట్టాను. చెవి వెనక కడ్డీ చర్రుమంది. వాడు నా కాలు గట్టిగా పట్టుకున్నాడు. కన్ను మాత్రం ముసలాడి ముఖంలోకి చూస్తూ టక్కున కొట్టింది.

"నన్నే ఎక్కిరిస్తన్నావంట్రా?" అని ముసలాడు పక్కనే ఇంకో వాత పెట్టాడు.

అప్పుడు వచ్చిన కాలిన మాంసం వాసన ఈనాటికీ నా ముక్కులో ఉంది.

ఆ ఏడే మహ్రాన్ల ఇంట్లో పెళ్ళి. మాకూ వాళ్ళకీ అప్పటికి పొరపొచ్చాలు లేవు. మిద్దె మీద ఆడవాళ్ళం బారులు తీరి కూర్చున్నాం. నా పక్కన ఫహీమా. పుచ్చగింజలు ఇద్దరం ఒకే పొట్లంలోంచి తింటున్నాం. ఆవిడకి అటుపక్క కొత్త కోడలు, ఆవిడ చిన్నకొడుకు హర్బీ భార్య. కింద హర్బీకీ నఫాదీకీ సాము. హర్బీ మంచి ఆటగాడే, కాకపోతే ఉడుకు రక్తం. రెండుసార్లు వాడి నెత్తిమీదికి నఫాదీ కర్ర వచ్చి ఆగింది. జనం గోల చేశారు. వాడి ముఖం ఎర్రబడింది. అంతలో ఇద్దరూ చుట్టు తిరిగేసరికి నఫాదీ ముఖం మా మిద్దె వైపు తిరిగింది. పైన ఇంతమంది ఆడవాళ్ళం. టక్కున కన్ను కొట్టింది. మళ్ళీ కొట్టింది.

హర్బీ తల ఎత్తి చూశాడు. వాడికి కనపడింది వాడి పెళ్ళాం.

"మా ఇంటికొచ్చి మా ఆడదానికి కన్ను కొడతావంట్రా, కుక్కా!"

"నేను కొట్టలేదు హర్బీ, అదే కొట్టుకుంటంది..."

మాట పూర్తి కాలేదు. హర్బీ కర్ర నఫాదీ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు మిద్దె మీదికి వినపడింది. రెండో దెబ్బ నోటి మీద పడి, వాడి పళ్ళు నేల మీద రాలాయి. మూడోది నెత్తికి వస్తుంటే నఫాదీ ఒంటిచేత్తో కర్ర తిప్పాడు. ఇన్నేళ్ళూ వేలెడు దూరంలో ఆగిన ఆ కర్ర ఆరోజు ఆగలేదు. హర్బీ కణత మీద పడింది. వాడు నిలువునా కూలిపోయాడు. చెవిలోంచి రక్తం బుగబుగా వచ్చింది. డోలు వాయించేవాడికి ఏమీ తెలియక ఇంకా వాయిస్తూనే ఉన్నాడు.

ఫహీమా పుచ్చగింజలు విసిరేసి మెట్లు దిగి పరుగెత్తింది. వాడి తల ఒళ్ళో పెట్టుకుంది. వాడి కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. రెండు వేళ్ళతో ఆ రెప్పలు కిందికి దించి, అవి నిలిచేదాకా అలాగే నొక్కి పట్టుకుంది. మిద్దె అంచున నిలబడి అది చూసిన నేను తర్వాత ఎన్ని చావులు చూసినా దాన్ని మరిచిపోలేదు.

సాయంత్రానికే తుపాకులు లేచాయి. మహ్రాన్లు మా ఇంటికి నిప్పు పెట్టారు. గాటికి కట్టి ఉన్న గేదెని కాల్చారు. అది కూలబడి, కాళ్ళు కొట్టుకుంటూ, మంటల్లోనే అరిచి అరిచి చచ్చింది. మావాళ్ళూ తక్కువ తినలేదు, వాళ్ళ నీటి పంపులు పగలగొట్టి, గోధుమ కుప్పలు తగలబెట్టారు. తర్వాత కోతల్లో నా మొగుడు షాజ్లీ రైలుపెట్టెలోకి మోపు ఎత్తుతుంటే చెరకు చాటు నుంచి ఎవడో కాల్చాడు. మోకాలు పిండిపిండి అయింది. కెనా ఆసుపత్రిలో కాలు తీసేశారు. "పోనీలేవే, చెప్పు ఒకటి కొంటే చాలు" అన్నాడు మత్తు దిగాక. నేను నవ్వలేదు.

ఫహీమా ఇంటి ముందు పరామర్శ కుర్చీలు వెయ్యలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళని గుమ్మంలోంచే తిప్పి పంపింది. మా దగ్గర అలా చేశారంటే అర్థం ఒకటే. రక్తానికి రక్తం పడేదాకా ఆ ఇంట్లో చావు జరిగినట్టు కాదు.

నఫాదీ చెరకు తోటల్లోకి వెళ్ళిపోయాడు. చెరకు ఎదిగిందంటే దానిలో మనిషిని దేవుడు కూడా వెతకలేడు. నేను గడ్డిమోపులో రొట్టె, జున్ను దాచి తీసుకెళ్ళి గట్టు మీద పడేసి వచ్చేదాన్ని. కానీ కోతలు మొదలయ్యాయి. ఒక్కో మడి నరికే కొద్దీ నా తమ్ముడికి చోటు తగ్గిపోయింది. మహ్రాన్లు వెన్నుకి తుపాకీ తగిలించుకునే కత్తి పట్టారు. ఒకనాడు మిగిలిన మడికి మూడువైపులా నిప్పు పెట్టి నాలుగోవైపు కాచుకున్నారు. నఫాదీ వాళ్ళు కాచుకున్న వైపు రాకుండా మంటల్లోంచే దూకి కాలవలో పడ్డాడు. వీపంతా చర్మం ఊడిపోయింది. ఆ వీపుని నేనే వేడినీళ్ళతో తుడిచాను. తుడుస్తుంటే నన్ను చూసి కూడా కన్ను కొట్టుకుంది వాడికి. ఆ కన్ను పీకి పారేద్దామన్నంత కోపం వచ్చింది.

పెద్దమనిషి హాజీ రాదీ అప్పుడు కలగజేసుకున్నాడు. రెండు వంశాలకీ ఆయన మాట అంటే గురి. కఫన్ మోయిస్తానన్నాడు. చంపినవాడు తన శవానికి చుట్టే గుడ్డని తనే రెండు చేతుల మీద పెట్టుకుని, చచ్చినవాడి ఇంటికి నడిచి వెళ్ళి, ప్రాణం వాళ్ళ చేతుల్లో పెట్టాలి. వాళ్ళు ఒప్పుకుంటే వాడి బదులు గొర్రె తెగుతుంది. ఒప్పుకోకపోతే వాడే తెగుతాడు. అడగడానికి నన్ను వెంటబెట్టుకుని ఫహీమా ఇంటికి వెళ్ళాడాయన.

ఫహీమా అరుగు మీద కూర్చుని ఉంది. వెనక పెద్దకొడుకు ఖలఫ్, ఒళ్ళో తుపాకీ. నా ముఖం చూడను కూడా చూడలేదావిడ.

"రమ్మనండి హాజీ గారూ. తలపాగా లేకుండా, చెప్పుల్లేకుండా రావాలి. మొగం మీద గుడ్డ గానీ, కట్టు గానీ, దారప్పోగు గానీ ఉండకూడదు."

అది కొత్త షరతేమీ కాదు. పక్క ఊళ్ళో ఎవడో ముఖానికి కట్టు కట్టించి అన్న బదులు తమ్ముణ్ణి పంపాడు. ఆ మోసం తర్వాత ఎవరూ కట్టు ఒప్పుకోవడం లేదు.

"ఇంకో మాట," అంది ఫహీమా. "నా బిడ్డని సంపింది కర్ర కాదు, ఆ కన్ను. నా గడపలో అది ఇంకోసారి కొట్టిందా, నా ఖలఫ్ కాలుస్తాడు. అప్పుడు నన్ను తప్పుపట్టడానికి లేదు."

నాకు ఒళ్ళు మండింది. "అది జబ్బు ఫహీమా! వాడు కావాలని కొట్టట్లా!"

"జబ్బయితే నా కోడలి ముందరే ఎందుకొచ్చిందే?" అని అరిచింది. "నా బిడ్డ మట్టిలో ఉండాడు. నువ్వు జబ్బు గురించి సెప్తన్నావా నాకు?"

హాజీ రాదీ కర్ర నేలకి తాటించి ఒప్పుకున్నాడు. కోతలు పూర్తయ్యాక, ఆఖరి రైలుపెట్టె వెళ్ళిన శుక్రవారం అని ముహూర్తం పెట్టాడు. నా తమ్ముడి ప్రాణం ఇప్పుడు ఆ కంటి రెప్ప మీద ఉంది. అది కొట్టకుండా ఉంటే బతుకు, కొడితే చావు. చావు ముందు నిలబడ్డవాడికి అది ఆగుతుందా? సిగ్గుకే ఆగనిది!

కెనాలో కళ్ళ డాక్టరు, ఇది కంటిది కాదు, నరానిది, అస్యూత్ వెళ్ళమన్నాడు. చెరకు లారీలో మోపుల కింద పడుకోబెట్టి వాడిని ఊరు దాటించాను. అక్కడి నుంచి రైలు. దారంతా కన్ను కొడుతూనే ఉంది. ఎదురుగా కూర్చున్నావిడ బురఖా సర్దుకుని పెట్టె మారిపోయింది.

అస్యూత్ డాక్టరు పేరు మకార్. పెద్ద మనిషి, బొంగురు గొంతు. తల ఫోటోలు తీయించి దీపం ముందు పెట్టాడు.

"చూడమ్మా. ముఖాన్ని ఆడించే నరం మెదడు నుంచి బయటికొచ్చే చోటు ఇది. ఇక్కడ రక్తనాళాలు పుట్టుకతోనే చిక్కుపడి ముద్దగా పెరిగాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ ముద్ద నరాన్ని గుద్దుతోంది. ఆ దెబ్బకే కన్ను కొట్టుకుంటోంది."

అంటే నా తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజమే. అదే కొట్టుకుంటోంది. ఆ మాట ఊరంతా వినేలా అరవాలనిపించింది. హర్బీ సమాధి ముందు అరవాలనిపించింది.

"సూది మందు ఉంది," అన్నాడు డాక్టరు. "ఆ కండరాలు కొన్ని నెలలు పడుకుంటాయి. కానీ ముద్ద అలాగే ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు పగిలితే మనిషి మిగలడు. కోసి తీయడమే మంచిది. అందులోనూ ప్రమాదం ఉంది. చెవి పోవచ్చు, ముఖం పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు."

నేను సూదికి సిద్ధపడ్డాను. శుక్రవారం గట్టెక్కితే చాలు నాకు. నఫాదీ తల అడ్డంగా ఊపాడు.

"సూది దిగిపోయాక అక్కా? ప్రతి సంతకీ ఆమె గడప ముందే నడవాలి నేను. మందు దిగిపోయిన రోజున మళ్ళీ కొడితే? అప్పుడు నువ్వు ఇంకో కఫన్ గుడ్డ కొనాలి. కొయ్యనీ."

"చచ్చిపోతావురా!"

"పోతే పోతా. మహ్రాన్లకి తూటా మిగులుద్ది."

వాడు జోకు వెయ్యడం అదే మొదటిసారి. వాడి చెంప మీద ఒకటి పీకి, కౌగలించుకుని ఏడ్చాను.

కోసిన రోజున పొద్దున లోపలికి తీసుకెళ్ళినవాణ్ణి పొద్దు వాలినా బయటికి తేలేదు. లోపల ఏం జరిగిందో డాక్టరు మకార్ తర్వాత నాకు దాచకుండా చెప్పాడు, నేను పట్టుబట్టాను కాబట్టి. చెవి వెనక, సరిగ్గా ముసలాడి వాతలున్నచోటే, ఎముకకి రంధ్రం చేశారు. మెదడుని పక్కకి జరిపి చూస్తే వానపాముల చుట్టలాగా నాళాలు, ఒక్కొక్కటీ కొట్టుకుంటోంది, మధ్యలో ఆ నరం ఉరితాళ్ళలో చిక్కుకున్నట్టు. రక్తం పంపే నాళాన్ని నొక్కి మూసి, చుట్టని కొంచెం కొంచెంగా కాల్చి విడదీస్తుంటే ఒకటి పగిలింది. గొయ్యి అంతా రక్తం. ఏమీ కనపడలేదట. గుడ్డిగా దూది కుక్కి, వేలితో అదిమి, పగిలినచోటు వెతికి కట్టేసరికి ఆయన చొక్కా చెమటతో ముద్దయిందట. ముద్ద తీశారు. నరానికీ మిగిలిన నాళానికీ మధ్య మెత్తటి పీచు పెట్టారు. ఇంక గుద్దదు.

"నరం తెగలేదమ్మా," అన్నాడు. "కానీ చచ్చినంత పనైంది. ఎడమ చెవి పోయింది. ముఖం సంగతి చూడాలి."

నఫాదీ తల కట్టుతో మంచం మీద కూర్చున్నాడు. ఎడమవైపు ముఖం తడిసిన బట్టలాగా జారిపోయింది. కన్ను తెరిచి నిశ్చలంగా ఉంది, నీళ్ళు కారుతున్నాయి.

"అక్కా, కొట్టుకోడం ఆగిందా?"

"ఆగిందిరా." నిజంగానే ఆగింది. ఆ ముఖం మీద ఒక్క పోగు కదలడం లేదు. దేవుడికి దండం పెట్టాను.

అప్పుడు వాడు రెప్ప వేశాడు. కుడికన్ను మూసుకుంది. ఎడమది అలాగే తెరుచుకుని నన్ను చూస్తోంది. ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి. దాన్నేమంటారు ఊళ్ళో? వాడు రెప్ప వేసిన ప్రతిసారీ, కాలవ గట్టున పోకిరీలు కొట్టేదానికన్నా తీరుబడిగా, నిదానంగా, కన్ను కొడుతున్నాడు నా తమ్ముడు. డాక్టరు కోసం పరుగెత్తాను.

రెప్పలకి కుట్టు వేద్దాం అన్నాడు డాక్టరు, అసలైతే కన్ను ఎండిపోకుండా వెయ్యాలి కూడా అన్నాడు. హాజీ రాదీకి ఫోన్ చేశాను. "కుట్టు వద్దు దహబ్. దారప్పోగు కూడా ఉండకూడదన్నారు, నేను ఒప్పుకున్నా. నీ తమ్ముడి సంగతి వాళ్ళకి చెప్పి చూస్తా" అన్నాడు. చెప్పాడు. ఖలఫ్ పగలబడి నవ్వాడట. "మొన్న దానంతటదే కొట్టుకుంటందన్నారు. ఇయ్యాల మూతపడట్లేదంటన్నారు. రేపు అసలు కన్నే లేదంటారు" అన్నాడట. ముహూర్తం మార్చనన్నాడట.

ఇంక మిగిలింది ఒక్కటే. వాడు కుడికన్ను కూడా మూయకూడదు. ఊరికి దూరంగా, మా బావ కూతురింటి వెనక పెరట్లో వాడిని నిలబెట్టి సాధన చేయించాను. ముఖం మీదికి ఊక విసిరేదాన్ని. చెవి దగ్గర పళ్ళెం కొట్టేదాన్ని. రెప్ప వేస్తే కర్రతో కాలి మీద ఒకటి వేసేదాన్ని. కళ్ళు ఎర్రగా వాచి నీళ్ళు కారుతున్నా నిలబడ్డాడు. షాజ్లీ ఊతకర్ర మీద వాలి చూసి, "ఏమే, వాణ్ణి మహ్రాన్లకి కాస్తయినా మిగులుస్తావా లేదా?" అన్నాడు.

శుక్రవారం నమాజయ్యాక మహ్రాన్ల వీధి ముందు డేరా. ఎటు చూసినా మగవాళ్ళు, చివర పోలీసు బళ్ళు. మావాళ్ళు వట్టి చేతులతో రావాలి, వచ్చారు. వాళ్ళ మిద్దెల మీద తుపాకులు. ఎదుటి మిద్దె మీద ఆడవాళ్ళలో నేను. నఫాదీ వచ్చాడు. గొరిగిన బోడితల, చెవి వెనక పచ్చి కోత, వట్టి కాళ్ళు. చాచిన రెండు చేతుల మీద తెల్లటి కఫన్. కళ్ళు రెండూ తెరిచే ఉన్నాయి. దుమ్ము లేస్తోంది. ఒక్కసారి కూడా రెప్ప వెయ్యలేదు. నేను వాడితోపాటు రెప్ప వెయ్యకుండా చూస్తున్నాను.

ఖలఫ్ ముందు ఆగి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నా ప్రాణం నీ చేతుల్లో పెట్టా. తీసుకుంటావో, వదిలేస్తావో" అన్నాడు. సగం నోటితో వచ్చిన మాటలైనా అందరికీ వినపడ్డాయి. పక్కన గొర్రెని పడేశారు. ఆచారం ప్రకారం ఖలఫ్ కత్తి బల్లపరుపుగా నఫాదీ మెడ మీద ఆనించి, తర్వాత గొర్రె వైపు తిప్పాలి. కత్తి ఆనింది.

ఊకకీ పళ్ళేనికీ చలించనివాడు ఆ చల్లటి ఇనుముకి చలించాడు. కుడికన్ను మూసుకుంది. ఎడమది తెరుచుకుని ఖలఫ్ ముఖంలోకే చూస్తోంది.

"మళ్ళీనా! మళ్ళీ కొడతావంట్రా!"

ఖలఫ్ కత్తి విసిరికొట్టి భుజం మీది తుపాకీ లాగాడు. గొట్టం తెచ్చి ఆ తెరిచిన కంటికే గురిపెట్టాడు. మిద్దెల మీద తుపాకులన్నీ ఒక్కసారి టకటకా అన్నాయి. మావాళ్ళు నేల మీదికి వంగారు. హాజీ రాదీ చేతులు చాచి అరుస్తున్నాడు. నేనూ అరిచాను, గొంతు చీరుకుపోయేలా. నఫాదీ మాత్రం కదల్లేదు. తుపాకీ ఎడమవైపు ఉంది, ఆ కంటికి నీళ్ళు కమ్మి వాడికేమీ కనపడలేదట, చెవి పోయింది కూడా ఎడమదే. కుడికన్ను గట్టిగా మూసుకుని, కత్తి ఎప్పుడు తిరుగుతుందా అని అలాగే ఉన్నాడు.

ఫహీమా ఇంటి గుమ్మంలో కూర్చుని ఉంది. ఆడవాళ్ళు ఆ వలయంలోకి రాకూడదు. ఆవిడ లేచి మగవాళ్ళని భుజాలతో తోసుకుంటూ వచ్చింది. కొడుకు తుపాకీ గొట్టాన్ని చేత్తో పక్కకి నెట్టి, నఫాదీ ముందు గొంతుకూర్చుంది.

"కన్ను ముయ్యరా," అంది. ఆ గోలలో వాడికి వినపడలేదు. చెంప మీద ఛెళ్ళున కొట్టింది. తల తిరిగింది గానీ ఎడమకన్ను రెప్ప కదల్లేదు, నీళ్ళు మాత్రం జలజలా కారాయి.

ఆవిడ రెండు వేళ్ళు చాచి ఆ రెప్పని కిందికి దించింది. వదిలేసింది. రెప్ప మెల్లగా లేచి మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ దించింది. మళ్ళీ లేచింది. చచ్చినవాళ్ళ రెప్పలు ఎలా ఉంటాయో ఆవిడ వేళ్ళకి తెలుసు.

"ఖలఫ్," అంది. "తుపాకీ దించు. ఈ కన్ను సచ్చిపోయిందిరా."

"అమ్మా, వాడు..."

"దించు! ఇందులో పేణం లేదు. కొట్టేది లేదు, మూసేది లేదు." మళ్ళీ రెప్ప దించి, ఈసారి రెండు వేళ్ళూ అలాగే నొక్కి పట్టుకుంది. తల అటు తిప్పేసుకుంది. "గొర్రెని కొయ్యి. నేను మూసి పట్టుకుంటా."

ఖలఫ్ కత్తి వెతుక్కున్నాడు. గొర్రె గొంతు తెగింది. రక్తం చిమ్మి కఫన్ మీద, నఫాదీ గుండుమీద, ఫహీమా మోచేతి దాకా పడింది. గొర్రె కాళ్ళు కొట్టుకున్నంతసేపూ ఆవిడ చెయ్యి తియ్యలేదు. కాళ్ళు ఆగాక లేచింది.

"నా బిడ్డ కళ్ళు మూసిన సెయ్యి ఇది. మీవోడి కన్ను కూడా మూశా," అంది మా మగవాళ్ళతో. "తీసకపోండి."

ఆ సాయంత్రం ఫహీమా ఇంటి ముందు మొదటిసారి పరామర్శ కుర్చీలు వేశారు. మేమూ వెళ్ళాం. హర్బీ పోయిన ఇన్నాళ్ళకి ఆవిడ నోరు తెరిచి ఏడ్చింది. జుట్టు పీక్కుంది, నేలకి తల కొట్టుకుంది. ఆవిడ చేతులు పట్టుకోబోతే నా ముంజేయి గోళ్ళతో గీరేసింది. పట్టుకునే ఉన్నాను. ఆవిడ మీద ఉన్న కోపం అప్పుడు నాలోంచి ఎటు పోయిందో నాకే తెలియదు. ఇద్దరం కలిసి ఏడ్చాం. అలిసిపోయాక, గోడకి ఆనుకుని, నా వైపు చూడకుండా అడిగింది.

"నిద్రపోయేటప్పుడు ఆ కంటికి ఏం సేస్తన్నావ్?"

"గుడ్డ కడతన్నా."

"తడిగుడ్డ కట్టు. ఎండిపోద్ది."

నఫాదీ ఆ తర్వాత కర్ర పట్టలేదు. డాక్టరు మకార్ మళ్ళీ రమ్మన్నా వెళ్ళలేదు, రెప్పకి కుట్టు వేయించుకోలేదు. చెరకు నరుకుతాడు, మోపులు మోస్తాడు, ఎడమవైపు నుంచి పిలిస్తే పలకడు. సంతకు వెళ్ళేటప్పుడు ఆ గడప ముందు అరచేత్తో కన్ను మూసుకుంటాడు. "ఇంకా భయమేందిరా నీకు?" అని ఒకసారి గట్టిగా అడిగాను.

"భయం కాదక్కా," అన్నాడు. "ఆమె మూసిన కన్ను గదా. ఆమెకి అది తెరిచి కనపడకూడదు."

మొన్న సంతరోజు వాడు నెత్తిమీద గోధుమ బస్తాతో వస్తున్నాడు, రెండు చేతులూ బస్తాకే సరిపోయాయి. వెనక నేను వస్తున్నాను. ఫహీమా గడప ఇంకా ఒక ఇల్లు దూరం ఉండగానే ఆగిపోయాడు. ముందుకి వెళ్ళడు, బస్తా దించడు. మెడ నరాలు ఉబ్బిపోతున్నాయి. ఫహీమా గుమ్మంలో కూర్చుని బెండకాయలు తరుగుతోంది. తలెత్తి చూసింది. కత్తి కింద పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని వచ్చింది. ముఖం అటు తిప్పుకునే, ఆ కన్ను మీద చెయ్యి పెట్టి మూసింది.

"నడువు. ఎంతసేపు నిలబడతావ్ గాడిదలాగా."

గడప దాటేదాకా అలాగే మూసి పట్టుకుని వాడి పక్కనే నడిచింది. తర్వాత చెయ్యి తీసేసి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ బెండకాయలు తరుక్కుంటూ కూర్చుంది.